తెలుగు క్రియల కాలాలు

తెలుగు క్రియల కాలాలు అంటే పని ఎప్పుడు జరిగిందో, ఇంకా జరుగుతున్నదో, ముగిసిందో, అలవాటుగా జరుగుతుందో తెలియజేసే క్రియారూపాలు. పాఠశాల వ్యాకరణాలలో భూత, వర్తమాన, భవిష్యత్ అని మూడు కాలాలను చెబుతారు. సంప్రదాయ వ్యాకరణాలు వీటికి తద్ధర్మకాలాన్ని కూడా చేర్చాయి. అయితే నేటి తెలుగులో కాలాల పేర్లకూ, వాడుకలోని రూపాలకూ సరిగ్గా పొత్తు కుదరదు. ఒకే రూపం రెండు కాలాలను సూచించడం, భూతకాల రూపం వర్తమానార్థంలో రావడం సాధారణం. అందువల్ల పేర్లను వల్లె వేయడం కంటె ప్రతి రూపమూ చేసే పనిని తెలుసుకోవడం విద్యార్థులకు ఎక్కువగా ఉపకరిస్తుంది.

నేటి వ్రాతభాషకు కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల చదువుకున్నవారి వాడుక ప్రధాన ఆధారం. ఈ వ్యాసంలోని ఉదాహరణలు కూడా గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప సాగుకు సంబంధించినవి. ముఖ్యంగా "కోయు" ధాతువును మాదిరిగా తీసుకోవడం జరిగింది.

క్రియాపద నిర్మాణం

తెలుగు సమాపక క్రియలో సాధారణంగా మూడు భాగాలు ఉంటాయి.

1. ధాతువు: పనిని తెలుపుతుంది. ఉదా: కోయు, అమ్ము, తిను.
2. కాలాన్ని తెలిపే ప్రత్యయం: కోస్తాడు అనే పదంలోని "స్తా" వంటి భాగం. ధాతువు చివరి అక్షరం దీనితో కలిసి మారిపోవచ్చు.
3. పురుష, వచన, లింగాలను తెలిపే ప్రత్యయం: ను, వు, డు, ము, రు మొదలైనవి.

చివరి ప్రత్యయమే కర్తను తెలుపుతుంది కాబట్టి నేను, నీవు, మేము వంటి సర్వనామాలను వాక్యంలో వదలివేయవచ్చు. "రేపు కోస్తాము" అన్నప్పుడు "మేము" లేదా "మనము" అని వేరుగా చెప్పనక్కరలేదు. ఈ రెంటికీ సర్వనామాలు వేరైనా క్రియారూపం ఒక్కటే.

కోయు ధాతువు ప్రధాన రూపాలు ఇలా ఉంటాయి. వరుస: భూతకాలం – తద్ధర్మ, భవిష్యత్ కాలాలు – వర్తమానం – వ్యతిరేకం.

* నేను: కోశాను – కోస్తాను – కోస్తున్నాను – కోయను
* నీవు: కోశావు – కోస్తావు – కోస్తున్నావు – కోయవు
* అతడు: కోశాడు – కోస్తాడు – కోస్తున్నాడు – కోయడు
* ఆమె, అది: కోసింది – కోస్తుంది – కోస్తోంది (కోస్తున్నది) – కోయదు
* మేము, మనము: కోశాము – కోస్తాము – కోస్తున్నాము – కోయము
* మీరు, వారు: కోశారు – కోస్తారు – కోస్తున్నారు – కోయరు
* అవి: కోశాయి – కోస్తాయి – కోస్తున్నాయి – కోయవు

ఏకవచనంలో స్త్రీని తెలిపే కర్తకు, జంతువులు, వస్తువులను తెలిపే కర్తకు క్రియ ఒకే విధంగా ఉంటుంది. బహువచనంలో స్త్రీపురుషులిద్దరూ ఒక వైపు, మిగిలినవన్నీ మరొక వైపు చేరతాయి. "కూలీలు కాయలు కోశారు" అనాలి, "కోతులు కాయలు కోశాయి" అనాలి. గౌరవార్థంలో ఒక్కరికి కూడా బహువచన క్రియ వాడతారు. ఉదా: తాతగారు కోశారు.

కాలాలు

భూతకాలం

ముగిసిన పనిని తెలుపుతుంది. ఉదా: "నిన్న రెండు ఎకరాలు కోశారు". ఆధునిక భూతకాల రూపం "కోసినాడు" వంటి పాత రూపం కుదించుకుపోగా ఏర్పడింది. కోస్తా ఉచ్చారణలో "కోశాడు" లోని దీర్ఘం "కోస్తాడు" లోని దీర్ఘం వంటిది కాదు. అది ఆ, ఏ అచ్చులకు నడుమ పలుకుతుంది. ఈ ధ్వనికి తెలుగు లిపిలో ప్రత్యేకమైన అక్షరం లేనందున "ఆ" గుణింతంతోనే వ్రాస్తారు.

తద్ధర్మ, భవిష్యత్ కాలాలు

"కోస్తాడు" అనే రూపం రెండు పనులు చేస్తుంది. "రేపు కాయలు కోస్తాడు" అన్నప్పుడు జరగబోయే పనిని, "ఏటా సంక్రాంతికి ముందే కోస్తాడు" అన్నప్పుడు అలవాటును తెలుపుతుంది. స్వభావాన్ని, ఎల్లప్పుడూ నిజమైన విషయాన్ని చెప్పడానికి కూడా ఇదే రూపం వస్తుంది. ఉదా: "నల్లరేగడి నేల ఎండితే నెర్రెలు విచ్చుతుంది". ఏ అర్థమో తేల్చేవి రేపు, ఏటా, ఎప్పుడూ వంటి కాలవాచకాలే. అందువల్ల భవిష్యత్తును సూచించే వాక్యంలో సందర్భం స్పష్టంగా లేనప్పుడు కాలవాచకాన్ని తప్పక చేర్చాలి.

వెంటనే జరగబోయే పనికి "కోయబోతున్నాడు" అనే రూపం ఉన్నది. ఇది "పోవు" ధాతువు సహాయంతో ఏర్పడుతుంది.

వర్తమానకాలం

"కోస్తున్నాడు" అనేది "కోస్తూ ఉన్నాడు" అనే రెండు పదాల కలయిక. ఇందులోని "ఉన్నాడు" రూపాన్ని బట్టి భూతకాలం. అయితే అర్థాన్ని బట్టి వర్తమానానికి కూడా చెల్లుతుంది. "నిన్న పొలంలో ఉన్నాడు", "ఇప్పుడు పొలంలో ఉన్నాడు" అనే రెండు వాక్యాలూ సరైనవే. అందుచేతనే "కోస్తున్నాడు" కూడా గతంలోని సందర్భానికి వస్తుంది. "నేను వెళ్ళేసరికి వాళ్ళు కాయలు కోస్తున్నారు" అనే వాక్యంలో కోత గతంలోనిదే. అప్పటికి ఆ పని సాగుతూ ఉన్నదని మాత్రమే క్రియ చెబుతుంది. కాబట్టి ఈ రూపం ప్రధానంగా తెలిపేది పని జరిగిన సమయాన్ని కాదు, పని సాగుతూ ఉండడాన్ని.

గతంలోని అలవాటు

గతంలో తరచుగా జరిగి ఇప్పుడు ఆగిపోయిన పనికి "కోసేవాడు, కోసేది, కోసేవారు, కోసేవి" అనే రూపాలు వస్తాయి. ఉత్తమ పురుషలో "కోసేవాడిని, కోసేదాన్ని, కోసేవాళ్ళం" అంటారు. "మా నాన్న పత్తి వేశాడు" అంటే ఒక పర్యాయం జరిగిన పని. "మా నాన్న పత్తి వేసేవాడు" అంటే ఏటా జరిగిన పని. ఇప్పుడు అలా జరగడం లేదనే సూచన కూడా ఇందులో ఉంటుంది.

ఫలితం, ఊహ

క్త్వార్థక రూపానికి "ఉండు" చేర్చితే మరికొన్ని అర్థాలు వస్తాయి.

* కోసి ఉన్నాయి: పని ముగిసి దాని ఫలితం మిగిలి ఉన్నది. ఉదా: కాయలు కోసి ఉన్నాయి.
* కోసి ఉంటాడు: పని ముగిసిందని ఊహ. ఉదా: ఈపాటికి కోసి ఉంటాడు.
* కోసి ఉండేవాడు: జరగని పని. ఉదా: వాన రాకపోతే నిన్ననే కోసి ఉండేవాడు.

పని పూర్తిగా ముగిసిందని నొక్కి చెప్పడానికి "వేయు" చేర్చి "కోసేశాడు" అంటారు. తనకోసం చేసుకున్న పనికి "కొను" చేర్చి "కోసుకున్నాడు" అంటారు.

ధాతువుల తరగతులు

ధాతువు చివరి అక్షరాన్ని బట్టి రూపాలు మారతాయి. ప్రధానమైనవి ఇవి. వరుస: భూతకాలం – భవిష్యత్ కాలం – వ్యతిరేకం.

* యు చివర కలవి: తీయు: తీశాడు – తీస్తాడు – తీయడు. ఇలాగే చేయు, వేయు, పోయు, రాయు.
* చు చివర కలవి: పిలుచు: పిలిచాడు – పిలుస్తాడు – పిలవడు.
* ను చివర కలవి: కొను: కొన్నాడు – కొంటాడు – కొనడు. ఇలాగే తిను, విను, అను.
* ట్టు చివర కలవి: కట్టు: కట్టాడు – కడతాడు – కట్టడు. ఇలాగే పెట్టు, కొట్టు.
* ఇతర ధాతువులు: అమ్ము: అమ్మాడు – అమ్ముతాడు – అమ్మడు.

కొన్ని ధాతువులు ఈ తరగతులలో పూర్తిగా ఇమడవు. వీటిని విడిగా గుర్తుంచుకోవాలి.

* వచ్చు: వచ్చాడు – వస్తాడు – రాడు
* తెచ్చు: తెచ్చాడు – తెస్తాడు – తేడు
* ఇచ్చు: ఇచ్చాడు – ఇస్తాడు – ఇవ్వడు
* అవు: అయ్యాడు – అవుతాడు – కాడు
* ఉండు: ఉన్నాడు – ఉంటాడు – ఉండడు, లేడు

చివరి ధాతువుకు రెండు వ్యతిరేక రూపాలు ఉన్నాయి. "లేడు" అనేది "ఉన్నాడు"కు, "ఉండడు" అనేది "ఉంటాడు"కు వ్యతిరేకం.

వ్యతిరేక రూపాలు

తెలుగులో వ్యతిరేకార్థం క్రియలోనే ఇమిడి ఉంటుంది. కాలాన్ని బట్టి అది మూడు విధాలు.

* భూతకాలం: కోయలేదు. ఇది అన్ని పురుషలకూ, వచనాలకూ మారదు. నేను కోయలేదు, వారు కోయలేదు.
* తద్ధర్మ, భవిష్యత్ కాలాలు: కోయను, కోయవు, కోయడు, కోయదు మొదలైనవి. ఇందులో కాలప్రత్యయమే ఉండదు. ధాతువుకు పురుష ప్రత్యయం నేరుగా చేరుతుంది.
* వర్తమానం: కోయడం లేదు. మాటలో ఇది "కోయట్లేదు" అవుతుంది.

అలవాటు భూతానికి వ్యతిరేకం "కోసేవాడు కాదు". నిషేధానికి "కోయకు, కోయకండి" అనీ, నియమాన్ని చెప్పేటప్పుడు "కోయరాదు, కోయకూడదు" అనీ వాడతారు. ఉదా: పురుగుమందు కొట్టిన వెంటనే కాయ కోయరాదు.

అసమాపక క్రియలు

కాలాన్ని పూర్తిగా తేల్చక, వాక్యాన్ని ముగించక, మరొక క్రియ కోసం ఎదురుచూసే రూపాలను అసమాపక క్రియలు అంటారు. తెలుగులో పొడవైన వాక్యాలు వీటి మీదనే నడుస్తాయి.

* క్త్వార్థకం: కోసి. ముందు జరిగిన పనిని తెలుపుతుంది.
* శత్రర్థకం: కోస్తూ. మరొక పనితో పాటు జరిగే పనిని తెలుపుతుంది.
* చేదర్థకం: కోస్తే. షరతును తెలుపుతుంది. ఉదా: ధర వస్తే అమ్ముతాడు.
* అప్యర్థకం: కోసినా. షరతు నెరవేరినా ఫలితం మారదని తెలుపుతుంది. ఉదా: ధర పెరిగినా అమ్మలేదు.
* వ్యతిరేక క్త్వార్థకం: కోయక, కోయకుండా.
* తుమున్నర్థకం: కోయ, కోయడానికి. ప్రయోజనాన్ని తెలుపుతుంది.

"కూలీలు కాయలు కోసి, కల్లంలో ఆరబోసి, తాలుకాయలు ఏరి, బస్తాల్లో నింపి, యార్డుకు తోలారు" అనే వాక్యంలో అయిదు పనులు ఉన్నాయి. కాలం మాత్రం చివరి క్రియలోనే ఉన్నది. "తోలారు" స్థానంలో "తోలతారు" అని మారిస్తే మిగిలిన నాలుగు క్రియలలో ఒక్క అక్షరమైనా మార్చకుండానే వాక్యమంతా భవిష్యత్తులోకి వెళుతుంది. కాబట్టి తెలుగు వాక్యంలో కాలాన్ని తెలుసుకోవడానికి ముందుగా చివరి క్రియను చూడాలి.

క్త్వార్థకానికీ, సమాపక క్రియకూ సాధారణంగా కర్త ఒకరే ఉండాలి. కారణాన్ని చెప్పే సందర్భంలో ఈ నియమం సడలుతుంది. ఉదా: వాన పడి కాయలు తడిశాయి.

క్రియాజన్య విశేషణాలు కూడా అసమాపక రూపాలే. కోసిన కాయలు (భూతం), కోస్తున్న కూలీలు (వర్తమానం), కోసే కూలీలు (తద్ధర్మం), కోయని చేను (వ్యతిరేకం) అనేవి ఉదాహరణలు. "ఎవరైతే కోస్తున్నారో ఆ కూలీలు" అనే కంటె "కోస్తున్న కూలీలు" అనడం తెలుగుకు సహజం.

గ్రాంథిక రూపాలు

పాత కావ్యాలు, శాసనాలు, ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళ వచనం చదివేవారికి గ్రాంథిక క్రియారూపాలు తెలియడం అవసరం. కోయు ధాతువు గ్రాంథిక రూపాలు కొన్ని:

* భూతకాలం: కోసితిని, కోసితివి, కోసెను, కోసితిమి, కోసితిరి, కోసిరి
* వర్తమానకాలం: కోయుచున్నాను, కోయుచున్నాడు, కోయుచున్నది
* భవిష్యత్ కాలం: కోయగలడు, కోసెదను
* తద్ధర్మం: కోయుదును, కోయుదువు, కోయును, కోయుదుము, కోయుదురు

గ్రాంథికంలో తద్ధర్మానికీ, భవిష్యత్తుకూ వేరువేరు రూపాలు ఉండగా నేటి భాషలో అవి "కోస్తాడు" అనే ఒక్క రూపంలో కలిసిపోయాయి. మరొక వైపు గ్రాంథికంలో "కోసెను" అనే ఒక్క రూపం అతడు, ఆమె, అది అనే కర్తలకు చెల్లేది. నేటి భాషలో "కోశాడు", "కోసింది" అని విడిపోయింది. భాష మారేటప్పుడు ఒకచోట భేదం పోయి మరొకచోట కొత్త భేదం ఏర్పడుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

వ్యాకరణాలలో క్రియ

ప్రకాశం ప్రాంతంలోని అద్దంకిలో లభించిన పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిది. తరువోజ ఛందస్సులో ఉన్న ఈ శాసనంలో భూతకాల విశేషణాలు, క్త్వార్థక రూపాలు నేడు గుర్తుపట్టగలిగిన రీతిలోనే ఉన్నాయి. సమాపక క్రియలు ఎంతగా మారినా అసమాపక క్రియలు తక్కువగా మారాయని దీనివల్ల గ్రహించవచ్చు.

పదమూడవ శతాబ్దానికి చెందిన మూలఘటిక కేతన రచించిన ఆంధ్రభాషాభూషణం తెలుగులో వెలువడిన తొలి తెలుగు వ్యాకరణం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. ఇందులోని పది పరిచ్ఛేదాలలో క్రియాపరిచ్ఛేదం ఒకటి. నేటికీ తరగతి గదులలో వినిపించే తద్ధర్మం, క్త్వార్థకం, శత్రర్థకం వంటి పారిభాషిక పదాలు ఈ సంప్రదాయం నుండి వచ్చినవే. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణంతో దీనికి పూరణ చేశాడు. ఈ వ్యాకరణాలు కావ్యభాషకు లక్షణం చెప్పినవి. తమ కాలపు వాడుకభాష వాటి విషయం కాదు.

తెలుగు క్రియను ఆధునిక భాషాశాస్త్ర పద్ధతిలో పరిశీలించినవారిలో ముఖ్యుడు భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012). ఆయన ఒంగోలులో జన్మించాడు. తెలుగు ధాతువులను ఇతర ద్రావిడ భాషల ధాతువులతో పోల్చి వ్రాసిన ఆయన ఆంగ్ల గ్రంథాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1961లో ప్రచురించింది. జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి వ్రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడింది. ఇది కావ్యభాషను కాక నేటి శిష్టవ్యవహారాన్ని ఆధారంగా చేసుకున్నది. ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది.

పరీక్షలలో క్రియారూపాల వివాదం

క్రియ చివరి అక్షరాలు ఒకప్పుడు విద్యార్థి ఉత్తీర్ణతకు సంబంధించిన సమస్య అయ్యాయి. ఇంటిలో "కోశాడు" అనే బాలుడు పరీక్షలో "కోసెను" అని వ్రాయవలసి వచ్చేది. ఇంటిలో మాట్లాడే రూపం వ్రాస్తే అది తప్పు కిందికి వచ్చేది. గ్రాంథిక, వ్యావహారిక భాషల మధ్య కొట్టవచ్చినట్లు కనిపించే భేదం క్రియారూపాలలోనే ఉన్నది. అందుచేత భాషావివాదం చాలావరకు క్రియల వివాదంగానే నడిచింది.

1910ల తొలి సంవత్సరాలలో మద్రాసు రాజధానిలో స్కూలు ఫైనలు వ్యాసరచనలో వాడుకభాషను అనుమతించడం, పండితుల ప్రతిఘటన వల్ల ఆ అనుమతిని ఉపసంహరించడం జరిగాయి. జయంతి రామయ్య పంతులు మొదలైనవారు 1911లో స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికాన్ని సమర్థించింది. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రంలో వాడుకభాష పక్షాన వాదించాడు. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) గ్రాంథికవాదుల రచనలలోనే గ్రాంథిక వ్యాకరణ దోషాలు ఉన్నాయని ఉదాహరణలతో చూపాడు. నేర్చిన పండితులకే పట్టుబడని రూపాలను పిల్లల మీద రుద్దడం తగదన్నది ఆయన వాదన. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో కథ, నవల, పత్రిక, పాఠ్యపుస్తకం క్రమంగా వ్యావహారికానికి మారాయి.

ప్రాంతీయ రూపాలు

ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లాగా ఏర్పడింది. 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలను పునర్వ్యవస్థీకరించి పల్నాడు, బాపట్ల జిల్లాలను ఏర్పాటు చేశారు. మూడు జిల్లాల నుండి వచ్చిన ప్రాంతాలు కలవడం వలన పూర్వ ప్రకాశం జిల్లాలో కోస్తా మాటతీరు, దక్షిణపు మాటతీరు రెండూ వినిపిస్తాయి.

* గుంటూరు పల్లెలలో "కోస్తున్నాడు" తరచుగా "కోస్తన్నాడు" అవుతుంది. ఉత్తమ పురుషలో "ను" లోపించి "కోశా", "కోస్తా" అని వస్తుంది.
* నెల్లూరు, రాయలసీమల వైపు "కోస్తా ఉండాడు", "కోసినాడు" వంటి రూపాలు వినిపిస్తాయి.
* తెలంగాణలో "కోసిండు", "కోస్తడు" అంటారు.
* ఉత్తరాంధ్రలో భూతకాలం "కోసేడు" అని వినిపిస్తుంది.

వీటిలో ఏదీ దోషం కాదు. "కోసినాడు" వంటి రూపం "కోశాడు" కంటె పాతది కూడా. వ్రాతలో ఒక రూపాన్ని ప్రమాణంగా తీసుకోవడం సౌలభ్యం కోసం ఏర్పడిన ఒప్పందం మాత్రమే.

స్పానిష్ క్రియలతో పోలిక

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉన్నది. తెలుగువారు స్పానిష్ నేర్చుకునేటప్పుడు ఆంగ్లం ద్వారా కంటె తెలుగు ద్వారా తేలికగా అర్థమయ్యే అంశాలు కొన్ని ఉన్నాయి.

* రెండు భాషలలోనూ క్రియాంతం కర్తను తెలుపుతుంది. అందువల్ల సర్వనామాన్ని వదలివేయవచ్చు. "అబ్లో" అంటే "(నేను) మాట్లాడతాను".
* స్పానిష్‌లో రెండు సామాన్య భూతకాలాలు ఉన్నాయి. "అబ్లే" అంటే "మాట్లాడాను". "అబ్లాబా" అంటే సందర్భాన్ని బట్టి "మాట్లాడేవాడిని" లేదా "(అప్పుడు) మాట్లాడుతున్నాను". తెలుగులోని "వేశాడు", "వేసేవాడు" భేదం తెలిసినవారికి ఇది కొత్త కాదు.
* "ఎస్తోయ్ అబ్లాందో" అనేది తెలుగు "మాట్లాడుతున్నాను" వలెనే "ఉండు" అర్థం గల క్రియతో ఏర్పడుతుంది.
* స్పానిష్‌లో "సెర్", "ఎస్తార్" అని ఉనికిని తెలిపే క్రియలు రెండు. "అతడు రైతు" అనే చోట సెర్ వస్తుంది, తెలుగులో క్రియే ఉండదు. "అతడు పొలంలో ఉన్నాడు" అనే చోట ఎస్తార్ వస్తుంది. తెలుగులో ఈ భేదం వ్యతిరేకంలో స్పష్టమవుతుంది: అతడు రైతు కాడు, అతడు పొలంలో లేడు. అయితే "జ్వరంగా ఉన్నాడు" వంటి స్థితి వాక్యాలను, సంఘటన జరిగే చోటును తెలిపే వాక్యాలను విడిగా నేర్చుకోవాలి.
* "మె గుస్తా ఎల్ పికాంతే" అనే వాక్యానికి తెలుగు "నాకు కారం ఇష్టం". రెండింటిలోనూ ఇష్టపడే వ్యక్తి "నాకు" అనే చతుర్థీ రూపంలో ఉంటాడు.

భేదాలు కూడా ఉన్నాయి. స్పానిష్‌లో భవిష్యత్తుకు "అబ్లారే" అనే ప్రత్యేక రూపం ఉన్నది. తెలుగులో అది తద్ధర్మంతో కలిసే ఉంటుంది. కోరిక, సందేహం మొదలైన వాటి తరువాత స్పానిష్‌లో క్రియ వేరొక రూపం ధరిస్తుంది. "అతడు రావాలని ఆశిస్తున్నాను" అనే అర్థంలో "వేంగా" అంటారు. మామూలు రూపమైన "వియెనె" అక్కడ చెల్లదు. తెలుగులో ఇందుకు ప్రత్యేక క్రియారూపం లేదు, "అని" చేర్చితే సరిపోతుంది. కాబట్టి తెలుగు విద్యార్థులు ఈ భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టవలసి ఉంటుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

* కోస్తుంది, కోస్తోంది: మొదటిది భవిష్యత్తు లేదా అలవాటు. రెండవది ఇప్పుడు సాగుతున్న పని. "వాన వస్తుంది" అంటే రాబోతుందని, "వాన వస్తోంది" అంటే ఇప్పుడు పడుతున్నదని అర్థం.
* అమ్మాడు, అమ్మడు: ఒక్క దీర్ఘంతో అర్థం తలకిందులవుతుంది. "బాకీ కట్టాడు" అంటే చెల్లించాడు. "బాకీ కట్టడు" అంటే చెల్లించే రకం కాదు. పద్దులు, ఉత్తరాలు వ్రాసేటప్పుడు దీర్ఘం పట్ల జాగ్రత్త అవసరం.
* కోయలేదు: "ఆమె కోయలేదు" అనే వాక్యానికి "కోత కోయడం జరగలేదు" అనీ, "కోసే శక్తి లేదు" అనీ రెండు అర్థాలు ఉన్నాయి. పురుషుని విషయంలో "కోయలేదు", "కోయలేడు" అని రూపాలు వేరు కాబట్టి చిక్కు లేదు. అశక్తతను స్పష్టంగా చెప్పాలంటే "కోయలేకపోతోంది" లేదా "కోయలేకపోయింది" అని వ్రాయవచ్చు.
* కర్మణి ప్రయోగం: "కూలీలచే కాయలు కోయబడినవి" అనే వాక్యం వ్యాకరణ విరుద్ధం కాదు. అయితే తెలుగు నుడికారం "కూలీలు కాయలు కోశారు" అనేదే. చేసినవారిని చెప్పనక్కరలేని చోట కర్తను వదిలి "కాయలు కోశారు" అంటే చాలు.
* రూపాల కలగలుపు: ఒకే వ్యాసంలో "కోసెను" అని ఒకచోట, "కోశారు" అని మరొకచోట వ్రాయడం దోషం. ఏ శైలిని ఎంచుకుంటే చివరి వరకు అదే పాటించాలి.

ఇవి కూడా చూడండి

* తెలుగు వ్యాకరణం
* బాలవ్యాకరణం
* భద్రిరాజు కృష్ణమూర్తి
* గిడుగు వెంకట రామమూర్తి
* తెలుగు మాండలికాలు
* స్పానిష్ భాష